ఎరలోని మందు

పైన ఒక సరుకు చూపి లోపల మరొకటి కట్టి యిచ్చువానిని మన వర్తకులు మోసగాడందురు. కాన్సరు పరిశోధనలో నేడు జరుగుచున్నది ఇంచుమించు అదియే. కొన్ని కాన్సరు కణముల పైపొరపై ఫోలిక్ ఆమ్లమును పట్టి లోనికి చేర్చు గ్రాహకములు మెండుగా నుండును. ఆ ఆమ్లమును తొడిగిన సూక్ష్మరేణువులలో మందు దాచి పంపినచో, కణము దానిని ఆహారమువలె లోనికి తీసికొనును. మూత్రపిండములకును ఈ గ్రాహకములు కలవు గనుక గురి నిర్దుష్టమని చెప్పరాదు.

ఆ ఆమ్లమును 1945లో కృత్రిమముగా చేసిన లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతి మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అచటనే తయారైన దాని విరోధి అమినోప్టెరిన్ తో లుకేమియా పిల్లలకు తాత్కాలికముగా గుణము కనిపించినదని బోస్టనులో ఫార్బరు 1948లో ప్రకటించెను.

కణమును వంచించుట అసత్యమా? కాదనియే నా తలంపు. మాట విని నమ్మువానియెడలనే గదా అసత్యము. కాని మూకండపల్లినుండి పెద్దాయనను బెంగుళూరు కిద్వాయి ఆసుపత్రికి తీసికొనిపోవుచు, “కడుపులో చిన్న పుండు, అంతే నాన్నగారూ” అను కొడుకు మాట? ఆయన సరిచూచుకొనవలసిన పద్దులుండును, క్షమాపణ కోరవలసిన అన్నదమ్ములుందురు. పైగా ఆయనకు చదువు వచ్చును. ఆసుపత్రి పేరు గుమ్మముపైననే వ్రాసియున్నది.