పోయిన కూలి ఎక్కడికి పోతుంది?

బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొదలంటా పోతే 14, మధ్యవేలు పోతే 12. ఒకే చేతి నాలుగు వేళ్లూ పోతే 50. పనిలో గాయపడ్డవాళ్లకు పరిహారం ఇప్పించేందుకు 1923లో వచ్చిన చట్టం చివర ఈ పట్టిక ఉంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది గానీ, లెక్క కట్టే పద్ధతి పాతదే. ఈ శాతాలు ఒంటివి కావు, సంపాదించే శక్తివి. నొప్పికి, నలుగురిలో చెయ్యి దాచుకోవడానికి, అన్నం ముద్ద ఎడమచేత్తో నోట్లో పెట్టుకోవాల్సి రావడానికి అందులో గడి లేదు.

వేలు పోయిన మనిషి గురించి మనం తరతరాలుగా చెప్పుకుంటున్నదే. ఏకలవ్యుడి కథ చెప్పేవాళ్లు గురుభక్తి దగ్గర ఆగుతారు, కొత్తకాలం వాళ్లు ద్రోణుడి అన్యాయం దగ్గర ఆగుతారు. భారతం మాత్రం ఇంకొంచెం ముందుకెళ్లి ఒక సంగతి చెప్పింది. ఆ నిషాద కుర్రవాడు తర్వాత మిగిలిన వేళ్లతోనే బాణం వేశాడట, మునుపటి వేగం మాత్రం రాలేదట. గాయమైన మర్నాడు మనిషి ఎంత పని చేయగలిగాడని చూసిన కన్ను అది. శాతం తేల్చే మెడికల్ బోర్డు చూసేదీ ఇదే. అయితే వేగం తగ్గిన వేటగాడి ఇంట్లో ఆ రాత్రి కుండలో ఏం ఉడికిందో, లోటు పూడ్చడానికి ఎవరు అడవికి వెళ్లారో భారతమూ చెప్పలేదు, బోర్డూ అడగదు.

కోర్టులు ఈ పట్టికకు కొంత ప్రాణం పోశాయి. పైనుంచి పడి, ఎడమ చెయ్యి మోచేతికి పైన తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి పట్టికలో ఎంతున్నా అతని నష్టం నూటికి నూరు శాతమేనంది. 2010లో రాజ్‌కుమార్ కేసు తీర్పు ఇదే ఆలోచనను రోడ్డు ప్రమాదాలకు విప్పి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోతుంది, ప్రభుత్వ గుమస్తాకు జీతం పోకపోవచ్చు. చెయ్యి ఒకటే, పోయింది మాత్రం ఒకటి కాదు. ఇది మంచి ఆలోచన. కానీ మనిషికి ఒక వృత్తి ఉంటుందనీ, దానికొక పేరుంటుందనీ అనుకుని చేసిన ఆలోచన.

దుమ్ముగూడెం, చర్ల వైపు ఒక కోయ గూడెంలో నలభై ఏళ్ల మనిషి వృత్తి ఏమని రాయాలి? వానాకాలం పోడు. సంక్రాంతి దాటాక మిర్చి కోత. ఎండలు ముదిరేటప్పుడు ఇప్పపువ్వు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. మధ్యలో పిలిస్తే జామాయిల్ నరుకుడు, పిలవకపోతే ఉపాధి హామీ. ఒక్కో పని చేతిలో ఒక్కో భాగాన్ని అడుగుతుంది. గొడ్డలికి పిడికిలి బిగియాలి. మిర్చికాయ తొడిమతో రావాలంటే బొటనవేలి గోరు కావాలి. కుట్లు మాని, డాక్టరు 'బాగైంది పో' అన్నాక కూడా ఆ లేత చర్మంతో మిర్చి చేలోకి దిగితే ఘాటుకు చెయ్యి రాత్రంతా నిప్పుల్లో పెట్టినట్టే ఉంటుంది. ఈ చేతికి శాతం కట్టే డాక్టరు దగ్గర మిర్చి చెట్టు ఉండదు.

ఇక తునికాకు. తెల్లారకముందే అడవికి పోతారు, ఎండ ముదిరేలోపు మూటలతో తిరిగొస్తారు. తర్వాత ఇంటి ముందు నీడలో అందరూ చుట్టూ కూర్చుంటారు. ఆకు మీద ఆకు, ఈనెకు ఈనె చేర్చి, యాభై పేర్చి, నారతో బిగిస్తే ఒక కట్ట. వెయ్యి కట్టలైతే ప్రామాణిక సంచి. ముసలమ్మ లెక్కపెడుతుంది, పిల్ల నార అందిస్తుంది, తల్లి బిగిస్తుంది. పొద్దువాలాక కట్టలు ఆకు కొనే కల్లానికి పోతాయి. కల్లేదారు చూసి, బాగాలేనివి పక్కన పడేసి, మిగతావి కార్డు మీద రాస్తాడు. కార్డు చాలాచోట్ల ఇంటి పెద్ద పేరు మీదే. నాలుగు జతల చేతులు, ఒక పేరు. అందులో ఒక చెయ్యి విరిగితే పోయింది ఎవరి ఆదాయం?

అసలు యజమాని ఎవరన్నదే ముందు తేలదు. 1923 చట్టం ఏయే పనులు తన కిందికొస్తాయో ఇంకో పట్టికలో చెప్పింది. తాటిచెట్టు గీయడం, చెట్లు నరకడం, కలపను నీటిమీద తేలించి తీసుకుపోవడం, అడవిలో మంటలు ఆర్పడం అందులో ఉన్నాయి. ట్రాక్టరుతోనో కరెంటుతోనో నడిచే సేద్యపు పనీ ఉంది. ఆకు కోయడం పేరు పెట్టి కనిపించదు, చేత్తో కాయ కోయడమూ కనిపించదు. మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించుకుని అమ్ముకునే హక్కు గిరిజనులదే అంది. ఎన్నో పోరాటాల తర్వాత వచ్చిన హక్కు, తప్పుపట్టడానికేం లేదు. కానీ ఆకుకు సొంతదారైన మనిషి ఎవరికీ కూలీ కాడు. గుట్ట దిగుతూ కాలు విరగ్గొట్టుకుంటే ఎవరి మీద దావా వేస్తాడు? రేటు కుదిర్చేటప్పుడు గుత్తేదారు కళ్లకు కూలీగా కనిపించినవాడు, ఎముక విరిగిన రోజున స్వతంత్ర వ్యాపారి అయిపోతాడు. గౌరవం పెరిగినప్పుడల్లా రక్షణ ఎందుకు తగ్గాలన్న ప్రశ్నకు నాకు ఇంతవరకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

సరే, యజమాని దొరికాడనే అనుకుందాం. మిర్చి రైతు పొలంలో ట్రాక్టరు పనిలో, నెలకు 12,000 సంపాదించే నలభై ఏళ్ల మనిషికి బొటనవేలు పోయింది. చట్టం ప్రకారం కూలిలో 60 శాతం, అంటే 7,200. ఆ వయసుకు పట్టికలో ఉన్న గుణకం 184.17. గుణిస్తే 13,26,024. అందులో 30 శాతం 3,97,807 రూపాయలు. కాగితం మీద ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే 12,000 అని రుజువేది? ముఠా మేస్త్రి జేబులోని చిన్న నోటుబుక్కులో పేరు ఎదుట గీతలుంటాయి, సీజను అయిపోతే ఆ పుస్తకం కూడా ఉండదు. భద్రాచలంలో పసిపిల్లలకు కూడా తెలిసిన కథ ఒకటుంది. రామదాసు బాకీ పడ్డ ఆరు లక్షల మొహరీలు రామలక్ష్మణులే రాత్రివేళ వచ్చి తానీషాకు కట్టి, రసీదు రాయించుకుని మరీ వెళ్లారట. దేవుడికే రసీదు కావాల్సిన ఊళ్లో కూలీకి మాత్రం ఏ కాగితమూ ఇవ్వరు.

నన్ను ఎక్కువగా వేధించేది రుజువు సంగతి కాదు, కాలం సంగతి. వేలు తెగింది ఫిబ్రవరిలో అనుకోండి. మొదటి వారమే అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. రెండో నెలలో మేక పోతుంది. పరిహారం ఆలస్యమైతే చట్టం కూడా వడ్డీ ఇప్పిస్తుంది, ఏడాదికి 12 శాతం, మన లెక్కలో రూపాయి వడ్డీ. వడ్రంగి కేసులోనే సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా అంది. పరిహారం బాకీ పడేది తీర్పు రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే. గొప్ప మాట. కానీ ఊళ్లో రూపాయి వడ్డీకి ఎవరూ అప్పివ్వరు. గెలిచినవాడు కూడా నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున ఓడిపోతూనే ఉంటాడు.

అప్పు తర్వాత వచ్చేది ఇంకా పెద్దది. మిర్చి కోతకు నాన్న రాలేడు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే కూతురు సెలవు పెట్టి వస్తుంది. పది రోజులే అనుకుంటారు. మిర్చి అయ్యాక ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. ఈలోగా మేస్త్రికి ఆ పిల్ల చేతివాటం నచ్చుతుంది. ఇంటి ఆదాయం లెక్క చూస్తే మే నెలకల్లా దాదాపు పాత స్థాయికే వచ్చి ఉంటుంది. అప్పుడు ఎవరైనా అధికారి వచ్చి 'మీ ఇంట్లో ఆదాయ నష్టం ఎంత?' అని అడిగితే నిజాయితీపరుడైన తండ్రి 'పెద్దగా లేదు సార్' అంటాడు. పోయిన కూలి ఎక్కడికీ పోలేదు, వసూలైంది. వసూలు చేసింది కోర్టు కాదు, ఇల్లు. కట్టింది యజమాని కాదు, ఎనిమిదో తరగతి పిల్ల.

నష్టపరిహారం మీద నడిచే వాదాలన్నీ పోయిన ఆదాయం తిరిగి వస్తుందా రాదా అన్న చోటే తిరుగుతుంటాయి. పేదింట్లో అది రాకుండా ఉండదు, రాకపోతే బతకలేరు. ఎవరి దగ్గరి నుంచి వస్తుందన్నదే తేల్చుకోవాలి. చట్టం గాయపడ్డ మనిషి ఒంటి దగ్గర ఆగి కొలుస్తుంది. నష్టం అక్కడ ఆగదు, ఇంట్లో కాదనలేని మనిషిని వెతుక్కుంటూ వెళ్తుంది.

సింగరేణి ప్రాంతంలో ఈ బదిలీ బహిరంగంగానే జరుగుతుంది. పర్మనెంటు కార్మికుణ్ని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే వారసుడికి ఉద్యోగం వస్తుంది. అందుకే కొత్తగూడెం, ఇల్లెందు ఇళ్లలో తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడని బోర్డు తేలిస్తే కొడుకు మొహం వాడిపోవడం చూస్తాం. దీన్ని చూసి నీతులు చెప్పడం సులువు. కానీ నష్టం ఒక్కరిది కాదని, ఇంటిదని ఒప్పుకున్న ఏర్పాటు ఈ చుట్టుపక్కల అదొక్కటే. కాంట్రాక్టు కార్మికుడికి అదీ లేదు. రైతుబీమాది ఇంకో తీరు. 2018 నుంచి, పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు ఇస్తారు. అదే రైతు నడుం విరిగి మంచాన పడితే ఆ పథకంలో రూపాయి రాదు. బతికి ఉన్నందుకు శిక్షా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తాం?

సరిహద్దు ఇంకో చిక్కు. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణకు మిగిలి, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్‌ల నుంచి మిర్చి కోతకు వచ్చే కూలీలకు ఊరు ఒక రాష్ట్రంలో, చేను రెండో రాష్ట్రంలో, ఆసుపత్రి మూడో రాష్ట్రంలో. తాను నివసించే చోట కూడా దావా వేసుకోవచ్చని చట్టం చెబుతుంది, కాబట్టి అధికార పరిధి తెలిసినవాడికి అడ్డంకి కాదు. దారి మాత్రం అడ్డంకే. పని ముగించుకుని పడవలో వాగు దాటుతూ మునిగిపోయిన సౌరాష్ట్ర ఉప్పు కూలీల కేసులో, ఆ రేవు అందరూ వాడే దారి, అది పనిలో భాగం కాదని 1958లో సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది. పనికి వెళ్తున్న దారినీ తగిన సందర్భాల్లో పనిలో భాగంగానే చూడాలని 2025లో అదే కోర్టు అంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ, పేరూరు మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు నడుస్తూ ఇల్లు చేరకముందే చనిపోయిన పన్నెండేళ్ల పిల్ల నడిచిన దారి వీటిలో దేని కిందికి వస్తుంది? పన్నెండేళ్ల పిల్లను కూలికి పెట్టుకోకూడదని చట్టం అంటుంది. కూలీగా లెక్కలోనే లేని మనిషికి కూలి పోయిందా అని ఎవరూ అడగరు.

ఇంట్లోవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకోవడం ప్రేమ, దానికి లెక్కలేమిటని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ప్రేమే, కాదనను. కానీ కోర్టులు ఆ గీత ఎప్పుడో దాటాయి. జీతం లేని గృహిణి చనిపోతే ఆమె ఇంటిపనికి నెలకు 3,000 చొప్పున విలువ కట్టింది 2001 నాటి లతా వాధ్వా తీర్పు. చనిపోయిన తల్లి పనికి విలువ కట్టగలిగినప్పుడు, బతికున్న తండ్రి బదులు చేలోకి దిగిన కూతురి పనికి ఎందుకు కట్టలేం? ఇక్కడ నాకే ఒక సందేహం. ఆమె రోజులకు వెల కడితే ఆమెను కూలీగా ఒప్పుకున్నట్టే. కట్టకపోతే ఆమె ఉచితం. రెండింట్లో ఏది తక్కువ అన్యాయమో తేల్చుకోలేకపోతున్నాను.

తేల్చాల్సిన అవసరం రాకుండా చేసే దారి మాత్రం చట్టంలోనే ఉంది. అడిగినంతా ఒప్పుకోని యజమాని తాను ఒప్పుకున్న మేరకైనా వెంటనే కట్టాలని 1923 చట్టం చెప్పింది. తాత్కాలికంగా పనికి రాలేనివాడికి నెల కూలిలో నాలుగో వంతు చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వాలనీ చెప్పింది. ఈఎస్‌ఐ కార్డున్న ఫ్యాక్టరీ కార్మికుడికి ఇంకా మేలు, రోజు వేతనంలో దాదాపు 90 శాతం వస్తుంది. మిర్చి చేనుకు, తునికాకు కల్లానికి అలాంటి పద్ధతి ఒకటి రావాలి. యజమాని ఎవరో తేలేదాకా ఆగకుండా సర్కారే ముందు కట్టి, తర్వాత గుత్తేదారు దగ్గరో వ్యాపారి దగ్గరో రాబట్టుకోవచ్చు. ఆ దావాకు ఎన్నేళ్లు పట్టినా సర్కారు మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయదు. ఫిబ్రవరిలో వేలు తెగితే మొదటి విడత సొమ్ము మార్చిలో రావాలి, ఆ పిల్ల పదిరోజుల సెలవు ఇంకా పదిరోజులుగానే ఉన్నప్పుడు.