పక్షిని కాచుటకై ఎలుకను చంపవచ్చునా?

పిట్ట గూటిని కాపాడవలెనని కోరుట దయ. ఆ గూటిలోని గ్రుడ్డును తినవచ్చిన జంతువును చంపుమన్నపుడు చేయి వెనుకకు పోవుటయు దయయే. ఈ రెండు దయలకు తగవు వచ్చినచో తీర్పు ఎట్లు? ఇది ఊరక పుట్టించిన ప్రశ్న గాదు. సముద్రమధ్యమందలి పెక్కు ద్వీపములలో, అచ్చటి పక్షులను నిలుపుటకై, బయటినుండి వచ్చిన ఎలుకలను కుందేళ్లను హెలికాప్టర్లతో విషము చల్లి నిర్మూలించుచున్నారు. పక్షి సంరక్షణ పేరిట చందా అడిగినపుడు ఇచ్చు గృహస్థుడు ఆ పైకము దేనికి పోవుచున్నదో యోచింపవలసియే యున్నది.

స్కాట్లాండు పడమటి తీరమునకు ఆవల సౌత్ యూయిస్ట్ అను ద్వీపము కలదు. 1974లో అచ్చటికి కొన్ని హెడ్జ్‌హాగులను తెచ్చి విడిచిరి. ఇది ఏదుపంది కాదు. ఇంచుమించు పందికొక్కు అంత యుండి, ఒడలెల్ల పొట్టి ముండ్లు గలిగి, భయపడినపుడు బంతివలె ముడుచుకొనెడి సాధుజంతువు. తెచ్చిన కారణమేమన, తోటలలోని నత్తలను తినివేయునని! రెండింద్రియముల జీవమును వదలించుకొనుటకు ఐదింద్రియముల జీవమును పిలిచిరి. కథ అచ్చటనే చెడినదని జైన గృహములలో పెరిగిన పిల్లవాడైనను చెప్పగలడు.

ఆ ద్వీపమున తీతువులు, ఉల్లంకి జాతి పిట్టలు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. నేలమీద తిరిగి గ్రుడ్లు తిను జంతువు అచ్చట పూర్వము లేదు గనుక వాటికి ఆ భయము తెలియదు. హెడ్జ్‌హాగులు వేలకొలది యయ్యెను, రహదారి గట్లమీదుగా ప్రక్క ద్వీపములకును ప్రాకెను, పిట్టలు తగ్గెను. 2003లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖవారు వాటిని పట్టి సూదిమందుతో చంపింప మొదలిడిరి. పట్టి ప్రధానభూమికి తరలింపరాదా యని జంతుప్రియులు అడుగగా, అట్లు తరలించిన జంతువు క్రొత్తచోట తిండి దొరకక నెమ్మదిగా మాడి చచ్చును, అంతకంటె ఒక్కసారిగా చంపుటయే దయ యని వారు బదులు చెప్పిరి.

ఈ మాట నిలిచి చూడదగినది. సుమారు 10వ శతాబ్దమున అమృతచంద్రసూరి రచించిన పురుషార్థసిద్ధ్యుపాయమందు ఈ వాదమునే ఎదుర్కొని త్రోసివేసినాడు. ఒక క్రూరజంతువును చంపినచో పెక్కు ప్రాణులు దక్కునని తలచి చంపరాదనియు, బాధపడు జీవిని బాధనుండి విడిపింతునని తలచియు చంపరాదనియు ఆయన వేర్వేరుగా చెప్పినాడు. వేయేండ్లకు పిమ్మట స్కాట్లాండు అధికారులు చెప్పిన రెండు కారణములును ఆ రెండే.

జంతుప్రియులు ఊరకుండలేదు. బ్రతికిన హెడ్జ్‌హాగును తెచ్చినవారికి బహుమానమిచ్చి, వాటిని ఓడ యెక్కించి ప్రధానభూమిలో విడిచిరి. విడిచినవి ఏమగుచున్నవో పరిశోధకులు వెంబడించి చూచిరి. తగిన పోషణతో విడిచినవి బాగుగనే బ్రతుకుచున్నవని తేలెను. 2007లో ఆ శాఖవారే చంపుట మాని తరలించుటకు ఒప్పుకొనిరి. అనగా నాలుగేండ్లపాటు జరిగిన చావులు "వేరు దారి లేదు" అను, ఎవ్వరును తూచి చూడని ఒక మాటమీద జరిగినవి. అంగడిలో బస్తా బియ్యము తూకము చూడక పుచ్చుకొననివాడు ప్రాణముల లెక్కలో నోటిమాటను ఎట్లు పుచ్చుకొనెను?

అయితే ఈ ఒక్క కథతో తగవు తీరినదని సంతసించుటకు వీలులేదు. దక్షిణ అట్లాంటిక్ సముద్రమున గాఫ్ అను బ్రిటిషువారి ద్వీపము కలదు. 19వ శతాబ్దమున సీలు జంతువుల వేటకు వచ్చిన ఓడలనుండి చిట్టెలుకలు అచ్చట దిగినవి. అచ్చట ఆల్బట్రాస్ అను మహాపక్షి రెండేండ్లకొకసారి ఒక్కటే గ్రుడ్డు పెట్టును. శత్రువు నెరుగని ఆ పక్షిపిల్ల కదలక కూర్చుండియుండగా రాత్రులందు ఎలుకలు దానిని బ్రతికియుండగనే కొరికి తినుచున్నవి. అది చచ్చుటకు దినములు పట్టును. ఆ ఎలుకలను ఒక్కొక్కటిగా పట్టి ఓడ యెక్కించుట మానవసాధ్యము గాదు. ఇచ్చట హెడ్జ్‌హాగుల ఉపాయము చెల్లదు.

దీనిని విరోధి హింస అందుమా? గృహస్థుడు తన్ను, తన వారిని, తన సొత్తును కాచుకొనుటలో విధిలేక జరుగు హింసను సంకల్పహింసనుండి వేరుచేసి పెద్దలు చెప్పిరి. కాని ఎలుక పగబట్టి వచ్చినది గాదు, ఆకలిగొని తినుచున్నది. దానిని అచ్చటికి చేర్చినది మానవుని ఓడ. నెలల ముందుగా యోచించి, లెక్కగట్టి, టన్నులకొలది ఎరలు చల్లుట సంకల్పము గాక మరేమి? అట్లని చేతులు కట్టుకొని కూర్చున్నవాడు నిర్దోషియా? తెచ్చినవాడు మానవుడే గనుక పక్షిపిల్ల గాయములోను మానవుని వంతు కలదు. ఈ చిక్కును శాస్త్రవాక్యము నొకదానిని చూపి దాటుట తేలిక. పక్షిపిల్లకు దానివలన ఉపశమనము లేదు.

జరిగినదేమన, 2021లో గాఫ్ ద్వీపముపై విషపుటెరలు చల్లిరి. అచ్చట మాత్రమే యుండెడి నీటికోళ్లు, చిన్న పిట్టలు ఆ ఎరలు తిని చావకుండ కొన్నిటిని ముందే పంజరములలో దాచి పోషించిరి. లెక్కింపరాని ఎలుకలు చచ్చెను. ఆ యేడే డిసెంబరులో ఒక ఎలుక కనబడెను. పని విఫలమైనదని తెలిసెను. నిర్మూలనమున తొంబదితొమ్మిదిపాళ్ల విజయమునకు విలువ లేదు; మిగిలినవి మరల పెరుగును.

సఫలమైన చోట్లును కలవు. వాటిని దాచుట న్యాయము గాదు. ఆస్ట్రేలియావారి మాక్వారీ ద్వీపమున ముందుగా 2000 నాటికి పిల్లులను తుదముట్టించిరి. తరువాత కుందేళ్లు విపరీతముగా పెరిగి కొండచరియలను బోడిచేసినవి. పిమ్మట విషమునకు కుందేళ్లు, ఎలుకలతోపాటు ఏ పాపమెరుగని పక్షులును పెక్కు చచ్చెను. 2014లో ద్వీపము శుభ్రమైనదని ప్రకటించిరి. సముద్రపు పిట్టలు మరల గూళ్లు పెట్టుచున్నవి. ఒక చావు మరియొక చావును పిలిచిన తరువాత వచ్చిన ఫలమిది.

ఈ కథలన్నిటిలోను ఓడ యున్నది, సరకు యున్నది. వర్తకునకు ఇది కొంత ముల్లు గ్రుచ్చెడి విషయమే. దక్షిణ జార్జియా ద్వీపమును 2018లో ఎలుకలు లేనిదని ప్రకటించిన పిమ్మట, అచ్చటికి పోవు ఓడలలో కుక్కలచేత ఎలుకలను వాసన చూపించుచున్నారు. యాత్రికుల జోళ్లను, బట్టలను గూడ దులిపి గింజలు, మట్టి లేకుండ చూచుచున్నారు. నీళ్లు వడియగట్టి త్రాగువారికి, ధాన్యము చెరిగి వండువారికి ఇది క్రొత్త పని గాదు. విషమునకగు వ్యయములో కొంత ముందే రేవులలో పెట్టియుండినచో పక్షియు ఎలుకయు రెండును బ్రతికెడివి.

చందా మాటకు వచ్చినచో, చేయుట, చేయించుట, ఒప్పుకొనుట అను మూడును ఒక్క కొలతనే కొలువబడునని ఎరిగిన గృహస్థుడు విషమునకు పైకమియ్యలేడు. ఇయ్యక ఊరకుండుటయు చాలదు. ఓడల తనిఖీకి, గూళ్లచుట్టు కంచెలకు, బ్రతికియుండగా పట్టి తరలించు పనికి, పక్షులను దాచు పంజరములకు ఇయ్యవచ్చును. ఇచ్చిన పైకము ఆ పద్దునకే వ్రాయవలెనని అడిగి రసీదు పుచ్చుకొనవచ్చును. గాఫ్ ద్వీపమున ఈలోగా చనిపోవు పిల్లలకు ఈ ఏర్పాటు అందదు. ఆ సంగతి తెలిసియే ఇయ్యవలసియున్నది.