అద్దాల వెనక అల్లుడు

శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం గడప దగ్గర మా అమ్మ చెప్పులు విడిచింది. గుడి కాదమ్మా అంటే, "లోపల దేవుళ్ళున్నారంట గదా" అంది. ప్రతి విగ్రహం ముందూ ఆగి చేతులు జోడించింది.

మాతో వచ్చిన చెంచు అక్క ఎక్కడా దండం పెట్టలేదు. ఇరవై ఏళ్ళుగా సున్నిపెంటలో మా ఇంటికి తేనె తెచ్చిచ్చేది ఆమే. దేవుళ్ళను చూస్తూ నడిచిపోయింది గానీ బుట్టల దగ్గర, విల్లంబుల దగ్గర చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక అడిగాను, దండం పెట్టుకోలేదేమక్కా అని.

"అల్లునికి ఈడ దండమేందమ్మా? ఇంటికొస్తే కూడు పెడతాం."

శ్రీశైలం మల్లన్న చెంచులకు అల్లుడు. చెంచులక్ష్మిని చేసుకున్న అహోబిలం నరసింహుడు, వాళ్ళ ఓబులేశుడు, బావ. ఈ మాటలు చిన్నప్పటినుంచీ విన్నవే. ముచ్చటైన కథలనుకున్నాను. ఆ రోజే మొదటిసారి వాటిని సిద్ధాంతంగా విన్నాను.

విగ్రహంలో దేవుడు ఎప్పుడుంటాడు, ఎప్పుడుండడు? మా అమ్మ నమ్మే ఆగమంలో దీనికి జవాబుంది. ప్రాణప్రతిష్ఠతో రాయి దేవుడవుతుంది. గుడికి మరమ్మతు వస్తే విగ్రహంలోని దైవకళను కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలికంగా కట్టిన బాలాలయంలో ఉంచుతారు. అంటే దేవుణ్ణి మంత్రంతో పిలవచ్చు, కదిలించవచ్చు. మా నాన్న కూలికొచ్చిన శ్రీశైలం డ్యాం అంత పనీ చేయించింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాం నీళ్ళు వెనక్కి తన్నుతాయని కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి నుంచి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరుణ్ణి మాత్రం కదపలేదు. వేపమొద్దు లింగం ఆయన. ఏటా నెలల తరబడి నీళ్ళలో ఉంటాడు, వేసవికి తేలితే జనం పరుగెత్తుతారు.

ఆగమం లెక్కన పూజ ఆగిపోయి అద్దాల వెనక చేరిన విగ్రహం, దేవుడు ఖాళీ చేసిన ఇల్లు. అమ్మతో అదే అన్నాను. "ఒకప్పుడు ఉన్నాడు గదా, చాలు" అంది. ఆ మాటను నేను కొట్టెయ్యలేను.

అక్క లెక్కలో అసలు ఆ ప్రశ్నే పుట్టదు. అల్లుడు రాతిలో ఉండడు, వస్తాడు, పోతాడు. రాకపోకలున్నంతకాలమే చుట్టరికం. కొండచరియ మీది తేనెపట్టుకు దిగేవాడి తాడును పైన పట్టుకునేది బావమరిదేనని చెంచులు చెబుతారు. బావ చస్తే తన అక్కచెల్లెలే విధవరాలవుతుంది గనక ఆ చెయ్యి వదలదట. నేను చదివిన భక్తి గ్రంథాల్లో ఎక్కడా నమ్మకానికి ఇంత గట్టి నిర్వచనం కనిపించలేదు. నా మనసు ఇప్పుడు అక్క వైపే మొగ్గుతోంది.

సున్నిపెంటలోని 'పెంట' చెంచులు తమ గూడేలకు వాడే మాట. పట్నం చదువులకెళ్ళిన మా పిల్లలు ఊరి పేరు చెప్పడానికి సిగ్గుపడతారు, చెత్తకుప్ప అనుకుని. మ్యూజియం వల్ల మేలుందంటే ఇక్కడే ఉంది. ఆ విల్లూ ఆ బుట్టా చూశాకే మా అబ్బాయి ఆ మాటకు అర్థం అడిగాడు. వస్తువును దాచగలం. చుట్టరికాన్ని దాచే బీరువా లేదు, దాన్ని నడపాల్సిందే.

అహోబిలంలో దాన్ని ఇప్పటికీ నడుపుతున్నారు. కనుమ నాడు నరసింహుడు పల్లకి ఎక్కి పారువేటకు బయల్దేరతాడు. చెంచులు పల్లకి బొంగుకు బాణం వేసి మర్యాద చేస్తారు. అక్కణ్ణించి నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ, ఫాల్గుణంలో తన పెళ్ళికి రమ్మని బావమరుదులను ఆయనే స్వయంగా పిలుస్తాడు.