రేకు పలుకు

టాపెట్ల చప్పుడు వినిపిస్తున్నంతకాలం భయం లేదని పాత మెకానిక్కులు అంటారు. నిజమే. వాల్వుకీ రాకర్‌కీ మధ్య సందు కాస్త ఎక్కువైతే టకటకమని కొట్టుకుంటుంది, అంతే. సందు మరీ తక్కువైతే ఇంజన్ ఎంతో మర్యాదగా, మెత్తగా తిరుగుతుంది. కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు. మండే వాయువు ఆ కాస్త ఎడంలోంచి తప్పించుకుంటూ దాని అంచును కాల్చేస్తుంది. ఫీలర్ గేజి పెట్టి చూసేదాకా బయటికి ఏమీ తెలియదు. నాది 2004 నాటి మారుతి 800. ఇన్నేళ్లు దాని బోనెట్ కింద తల దూర్చాక నాకు బలపడిన అనుమానం ఒకటే: చప్పుడుకీ ప్రమాదానికీ మనం వేసుకున్న లంకె చాలావరకు తప్పు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. షెడ్డులో నడిచేదీ ఈ సామెతే. అరిచే భాగానికే పానా అందుతుంది. ఫ్యాన్ బెల్టు కీచుమంటే ఆ రోజే బిగిస్తాం. సైలెన్సర్ బుడబుడమంటే వీధంతా వింటుందన్న సిగ్గుతోనైనా మార్పిస్తాం. డాష్‌బోర్డు గలగలమంటే అట్టముక్క మడిచి దోపుతాం. వీటిలో చాలావాటికి ప్రాణం తీసే శక్తి లేదు. చప్పుడే చేయని బ్రేక్ ఆయిల్ చూడండి. గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది, దాంతో అది మరిగే వేడి ఏటికేడు తగ్గుతుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఆగుతూ కదులుతూ ఉంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు. శ్రీశైలం ఘాట్ దిగుతూ అరగంటసేపు బ్రేకు మీదే కాలుంచినప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. రేడియేటర్‌లో పోసే బోరు నీళ్లదీ ఇదే తంతు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అల్యూమినియం హెడ్డును ఆ నీళ్లు లోపల్లోపలే కొరుక్కుతింటాయి.

ఇంట్లో కారు బాగుచేసుకోవడం పొదుపు కోసమని ఎవరైనా చెబితే నేను పూర్తిగా నమ్మను. ఒక ప్లగ్గు స్పానర్, రింగు పానాల సెట్టు, జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి కొనేసరికి షెడ్డువాడి రెండేళ్ల మజూరీ తేలిపోతుంది. పైగా రాణీగంజ్ స్పేర్‌పార్టుల కొట్లకు వెళ్తే కొనాల్సినదానితోపాటు కొననవసరం లేనిది కూడా సంచిలో పడుతుంది. ఆ కొట్లలో కౌంటర్ వెనకున్న మనిషి అడిగే మొదటి ప్రశ్న ‘కార్బొరేటరా, ఎమ్‌పీఎఫ్‌ఐయా?’ అని. 2000లో కొత్త పొగ నిబంధనలు వచ్చాక 800లో కార్బొరేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. రెండో ప్రశ్న ‘కంపెనీ మాలా, లోకలా?’ అని. జవాబు ఆలస్యమైతే రెండూ తెచ్చి అద్దం మీద పక్కపక్కన పెడతాడు, చేత్తో తూచి చూసుకొమ్మంటాడు. ఆ రెండు వస్తువుల బరువులో తేడా తెలిసిన రోజు, మనది అనుకున్న వస్తువుతో కొద్దిగా పరిచయం మొదలైనట్టు. నేను పానాలకు పోసిన డబ్బు ఆ పరిచయానికే పోశాను.

ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. దాని సంగతి అంత బెంగ పెట్టుకోవాల్సింది కాదు. ఇంజన్ మార్చుకోవచ్చు, మార్చి ఆర్‌సీలో రాయించుకోవచ్చు. తలుపులు, బోనెట్, మడ్‌గార్డులు బోల్టులు విప్పి కొత్తవి బిగించవచ్చు. గేర్‌బాక్సు, స్టీరింగ్, సీట్లు అన్నీ దొరుకుతాయి. మరి కారు ఏది? మిళింద పన్హలో నాగసేన భిక్షువు గ్రీకు రాజును ఇదే అడుగుతాడు: రథం అంటే ఇరుసా, చక్రాలా, కాడా, పగ్గాలా? ఒక్కొక్కటే కాదంటూ పోయి, చివరికి రథమనేది వీటన్నిటినీ ఆనుకుని నిలిచిన ఒక పేరు అని రాజు చేతనే అనిపిస్తాడు. తిరుమలగిరి ఆర్టీఏ కార్యాలయంలో ఈ వాదం చెల్లదు. అక్కడ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ఆ అచ్చు రికార్డుతో కలిస్తే అదే కారు, కలవకపోతే కాదు. రెండువేల ఏళ్ల నాటి ప్రశ్నకు పెన్సిల్‌తో ఇచ్చే జవాబు అది. అందులో హేళన చేయాల్సిందేమీ నాకు కనబడదు.

ఎందుకంటే 800కి లారీకో జీపుకో ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. దాదాపు 650 కిలోల బండి కాబట్టి రేకులన్నీ పలచనే. ఆ రేకులే ఒకదానికొకటి అతుక్కుని బరువు మోస్తాయి. నంబరు కొట్టి ఉన్నది బోనెట్ తీస్తే ఇంజన్ వెనక కనిపించే గోడ మీద. అన్నీ మార్చుకోగలిగిన ఈ కారులో మార్చుకోలేనిది ఆ రేకు, దాన్ని పట్టుకుని ఉన్న నేల, తలుపుల కింద గుమ్మం. వాటిని తినేది తుప్పు. అది చప్పుడు చేయదు, మైలేజీ తగ్గించదు, ఏ లైటూ వెలిగించదు.

మారేడ్‌పల్లిలో మా వీధి పొడుగునా తురాయి చెట్లు. మే నెలలో ఎర్రగా కన్నులపండువే. కానీ వాటి ఆకు విడివిడిగా చూస్తే గోటి ముక్కంత ఉండదు. వైపర్ల కింది జాలీలోంచి లోపలికి జారి, నీళ్లు పోయే దారిలో చేరి, మొదటి వానకు ముద్దవుతుంది. తలుపుల అడుగున నీరు కారిపోయేందుకు సన్నటి రంధ్రాలు ఉంటాయి. దుమ్మూ ఆకూ కలిసి వాటినీ పూడుస్తాయి. అద్దం పక్క నుంచి లోపలికి దిగిన వాన అక్కడే నిలిచిపోతుంది. ఏటా వానలకు ముందు నేను చేసే అతి ముఖ్యమైన రిపేరు ఒక సన్నటి తీగ పట్టుకుని ఆ రంధ్రాలు పొడవడం. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కార్బొరేటర్ విప్పి బిగించినవాడికి నలుగురిలో కాస్త గొప్ప దక్కుతుంది. రంధ్రాలు పొడిచినవాడిని చూసి ఇంట్లోవాళ్లు కూడా ఏం చేస్తున్నావని అడగరు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్ కాలనీల్లో కార్లు పడవల్లా కొట్టుకుపోయాయి. ఆ తర్వాత నాలాల మీద చాలా చర్చ జరిగింది. ఎక్కడ ఇరుకయ్యాయి, ఎక్కడ పూడాయి, ఎవరు కట్టుకున్నారు. ఊరికైనా కారుకైనా నీళ్లు వెళ్లిపోయే దారిని ఎండాకాలంలో తలుచుకోవడం ఎవరికీ చేతకాదేమో అనిపించింది.

మా పక్కింటి అన్న లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైన వర్క్‌షాప్ అది. అక్కడ రైలు పెట్టెను ఫిర్యాదు ఉన్నా లేకపోయినా నిర్ణీత కాలానికి తెచ్చి విప్పుతారు. పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) అంటారు దాన్ని. బండి బాగానే నడుస్తోంది కదా అన్న మాట అక్కడ కారణం కిందకి రాదట. స్టేషన్లలో బండి ఆగినప్పుడు పొడుగు సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ పోయే మనుషులను మా తరం వాళ్లు చూసే ఉంటారు. మంచి చక్రం గంటలా మోగుతుంది, బీట ఉన్నది మూగపోతుంది. ఒకరోజు అన్న నా కారు గుమ్మం పొడుగునా స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోయి, ‘తమ్మీ, ఇక్కడ మోగుతుంది. ఇక్కడ మోగుతలేదు, చూడు’ అన్నారు. మోగని చోట పైన పెయింట్ నిగనిగలాడుతోంది.

తనంతట తాను చప్పుడు చేయనిదాన్ని తట్టి చప్పుడు చేయించడమనే ఈ పద్ధతి నా ఆలోచనను కొంత మార్చింది. అప్పటిదాకా బాగా వినగలగడమే బాగా చూసుకోవడం అనుకునేవాణ్ణి. వినడం అవతలివాడు మాట్లాడితేనే పనికొస్తుంది. మాట్లాడనివాటికి క్యాలెండర్ కావాలి, సుత్తి కావాలి, ఏమీ లేదని తేలినా మళ్లీ వెళ్లి తట్టే ఓపిక కావాలి. ఇది ప్రేమ అని నేను అనను. ప్రేమ ఉన్నవాళ్లు కూడా తట్టి చూడరు, ఏం బయటపడుతుందోనని.

1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా తొలి మారుతి తాళాలు అందుకున్న హర్పాల్ సింగ్ ఆ కారును జీవితాంతం అమ్మలేదు. 2010లో ఆయన పోయాక అది కదలకుండా నిలబడి తుప్పు పట్టింది. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. రేకు ఎంత పాతదైనా, ఎంత కొత్తదైనా నంబరు మాత్రం డీఐఏ 6479. అంత ప్రేమించిన కారుకూ నిలబడి ఉండటమే జబ్బయింది.

నా నంబరు ఏపీ 10. సికింద్రాబాద్‌కి ఆ నంబరు తర్వాత టీఎస్ 10 అయింది, 2024 మార్చి నుంచి టీజీ 10. కారు పోర్టికోలో ఉండగానే రాష్ట్రం మారింది, రాష్ట్రం అక్షరాలు మారాయి, ప్లేటు మారలేదు. 2010 ఏప్రిల్లో బీఎస్ 4 వచ్చిన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి కాబట్టి ఆ తర్వాత ఇక్కడ కొత్త 800 అమ్మలేదు. అంటే మా ఊళ్లో కొన్న ప్రతి 800కీ ఇప్పుడు పదిహేనేళ్లు దాటాయి, ప్రతిదీ రెన్యువల్ మీద బతుకుతున్నదే. ఒకసారి చేయిస్తే అయిదేళ్లు. నేను 2019లో వెళ్లినప్పుడు కేంద్రం పెట్టిన ఫీజు 600, 2024లో 5,000. 2025 సవరణతో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000. పాత బండ్లను రోడ్డు మీద నుంచి తప్పించాలన్న ఉద్దేశం దాచుకోలేదు. ఆ ఉద్దేశంతో నాకు పెద్దగా పేచీ లేదు. ఎయిర్‌బ్యాగు లేని కారులో మనవరాలిని ఔటర్ రింగురోడ్డు ఎక్కించను. కూరగాయలకు, బ్యాంకుకు, రాణీగంజ్‌కు చాలు.

2029 రెన్యువల్ సంగతి రేకు చెప్పాలి. మృగశిర కార్తెకు ముందే కార్పెట్లు తీసి ఎండలో వేయాలి. ముందు ఎడమ సీటు కింద ఒకచోట మోత తేడాగా ఉంది, టింకర్‌కి చూపించాలి. అక్కడ రేకు కోసి అతకాలంటే పెట్రోలు పైపు దగ్గరలోనే పోతోందని, ముందు అది విప్పించమని అన్న చెప్పారు. వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, లేకపోతే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోవచ్చు. టింకర్లు ఆ సంగతి మర్చిపోతుంటారు, పక్కన నిలబడి గుర్తుచేయాలి.