దర్శనానికి ప్రమాణం ఏది?

ఇతరులకు కానరానిది తనకు కానవచ్చిందని ఒకరు చెప్పినప్పుడు, అది దర్శనమా, భ్రాంతియా అన్న సందేహం లోకానికి కలగడం సహజం. దానిని తేల్చే ప్రమాణం ఏది? ఆంగ్ల చిత్రకారుడు, కవి అయిన విలియం బ్లేక్ జీవితం ఈ ప్రశ్నకు కొంత సమాధానమిస్తుంది.

బ్లేక్ 1757లో లండన్ నగరంలో జన్మించాడు. బాల్యంలో ఒక చెట్టు నిండా దేవదూతలను చూచానని చెప్పగా తండ్రి కొట్టబోయాడనీ, తల్లి అడ్డుపడిందనీ అతని చరిత్రకారులు వ్రాశారు. పదునాలుగేళ్ల ప్రాయంలో రాగిరేకులపై బొమ్మలు చెక్కే విద్యకై జేమ్స్ బసైర్ వద్ద శిష్యుడుగా చేరాడు. గురువు ఆజ్ఞపై వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని ప్రాచీన సమాధి శిల్పాలను చూచి చిత్రించాడు. ఆ శిల్పాలు, బైబిలు, మిల్టన్ కవిత్వం, మైకెలాంజెలో కళ అతని దృష్టిని తీర్చిదిద్దాయి.

1787లో తమ్ముడు రాబర్ట్ మరణించాడు. అతని ఆత్మ ఆనందంతో చప్పట్లు చరుస్తూ పైకెగయడం చూచానని బ్లేక్ చెప్పేవాడు. కవితను, చిత్రాన్ని ఒకే రేకుపై అచ్చుకు సిద్ధపరచే పద్ధతిని ఆ తమ్ముడే తెలిపాడని కూడా నమ్మాడు. ఆ పనిలో భార్య కేథరిన్ తోడ్పడింది. వివాహవేళకు సంతకమైనా చేయలేని ఆమెకు చదువు నేర్పింది అతడే.

1809లో అన్నగారి దుకాణం ఉన్న ఇంట తన చిత్రాలను ప్రదర్శించాడు. చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను ఆంగ్లంలోనికి అనువదిస్తున్న దృశ్యం వాటిలో ఒకటి. ఆ అనువాదం 1785లో వెలువడింది. ఆ చిత్రం మాత్రం నేడు లభ్యం కాదు. ప్రదర్శన విఫలమైంది. ఒక పత్రికా విమర్శకుడు అతనిని ఉన్మాదిగా చిత్రించాడు.

ఫలాసక్తిని విడిచి కర్మ చేయమని గీత బోధిస్తుంది. బ్లేక్‌కు ఫలాసక్తి లేదనడం సత్యం కాదు. అతడు ఆదరణను కోరాడు, నిరాదరణకు నొచ్చుకున్నాడు. కాని లోకం మెచ్చుకోలేదని దర్శనాన్ని మార్చుకోలేదు, పనిని విడువలేదు. 1827లో మరణశయ్యపై సైతం దాంతే కావ్యానికి చిత్రాలు వేస్తూనే ఉన్నాడు. అతని సమాధి స్థలాన్ని తెలిపే శిలాఫలకం 2018లో గాని వెలయలేదు.

ఒకరి అంతర్దృష్టిని పరులు చూడలేరు, నడతను చూడగలరు. దర్శనం పేరు చెప్పి పూజలందుకోగోరేవానిని శంకించవలసిందే. అది మనిషిని మరింత శ్రమకు, ఆప్తులపై మరింత ప్రేమకు పురికొల్పితే, దానిని తొందరపడి భ్రాంతి అనరాదు. దర్శనానికి లోకుల ప్రశంస ప్రమాణం కాదు. చూచినవాని జీవితమే ప్రమాణం.