నలభై ఐదు రోజులు

కొబ్బరికి నల్లతల పురుగు పడితే, దూరం నుంచి చూసేవాళ్ళకి తోటకి మంట సోకినట్టు కనిపిస్తుంది. అది ఒక చిన్న బూడిదరంగు రెక్కలపురుగు పిల్ల. ఆకు అడుగున తన పెంటనే దారంతో కలిపి గూడల్లుకుని, అందులో దాక్కుని పచ్చదనాన్ని గీకి తింటుంది. చెట్టు చప్పున చావదు, కాపు పడిపోతుంది. కోనసీమలో కాపు పడిపోవడమంటే పిల్లల ఫీజులు ఆగడం, పెళ్ళిళ్ళు ఆగడం.

ఇరవై ఏళ్ళ కిందట రాజోలు దగ్గర మా అత్తవారి తోటకి అది పట్టింది. అంబాజీపేట పరిశోధనా స్థానంలో పెంచే పరాన్నజీవుల్ని తెచ్చి వదులుదామన్న మాటొచ్చింది. అవి పురుగుని వెతుక్కుని దానిమీదే గుడ్లు పెడతాయి. అందుకు ఓపిక కావాలి. మగవాళ్ళు వేరు మందుకే మొగ్గారు. చెట్టు మొదట్లో తవ్వి, పెన్సిలంత లావు వేరుని ఏటవాలుగా కోసి, 10 మిల్లీలీటర్ల మోనోక్రోటోఫాస్, అంతే నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచిలో ముంచి కడతారు. చెట్టు తనే తాగి పైకి పంపుకుంటుంది. కాయలు ముందే దింపేసుకోవాలి. తరవాత 45 రోజులు దింపకూడదు.

ఇదంతా వరండాలో మాట్లాడుకున్నారు. కాఫీలిస్తూ విన్నాను. దింపు మనిషికి చెప్పారు, కాయలు కొనే వర్తకుడికి చెప్పారు. తోట ఊడ్చి, ఎండుకమ్మలు ఏరి ఈనెలు చీరుకునే ఆమెకి ఎవరూ చెప్పలేదు. రాలిన కాయ ఆమెదే. అది మామూలు, ఆమె కూలిలో భాగం. రోజూ పెరట్లో నాతో మాట్లాడే మనిషి. నేనూ చెప్పలేదు.

మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నా పిల్లల్ని మాత్రం ఆ కాయలు ముట్టుకోనివ్వలేదు. అది మరిచిపోలేదు! మందు పెట్టించింది నేను కాదు, ఆ ఇంట్లో కోడలి మాటకి విలువా లేదు, అని ఇంకో సాకు. విలువ లేనిది వరండాలో. పెరట్లో నా మాట వినే మనిషి ఉంది.

ఆమెకేం కాలేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది ఇదే. ఏమైనా అయ్యుంటే దాన్ని నేరం అనేవాళ్ళం. కాలేదు కాబట్టి దానికి పేరే లేదు. కానీ రెండు సందర్భాల్లోనూ నేను చేసింది ఒకటే కదా? మనం రాసేటప్పుడు నోరెత్తనివ్వని వాళ్ళ పక్కనే నిలబడి రాస్తాం. నోరుండీ ఊరుకున్న వాళ్ళుగా మన గురించి రాసుకోవడం తక్కువ.

2005లో కూరగాయల మీద ఈ మందు వాడకూడదన్నారు. (కొబ్బరికాయ కూరగాయ కాదు కాబోలు.) 2023లో కేంద్రం దాని రిజిస్ట్రేషనే రద్దు చేసింది. ఆ వార్త చదివాక ఊరెళ్ళినప్పుడు ఆమెకి అంతా చెప్పాను. గుమ్మంలో కూర్చుని ఈనెలు చీరుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఆ యేడు కాయలు బాగానే రాలాయండి" అంది. "మాయమ్మకి పళ్ళు లేవు కదండీ. లేత కొబ్బరి దానికే పెట్టేదాన్ని."