ఆగంతుకుడికి ఇచ్చే దానం

 



యుద్ధంలో ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్లకి దానం ఇద్దామని విహారంలో ఎవరైనా అంటే, వెంటనే వినిపించే మాట మీకు తెలుసు: “మనవాళ్లకే లేదు, వాళ్లకెందుకు?” మొదటి సగం నిజమే. పిల్లల ఫీజులు కట్టలేని ఇళ్లు మన పేటల్లో ఎన్నో ఉన్నాయి. అందుకే ఆ మాట అన్నవారిని చిన్నచూపు చూడొద్దు. కానీ రెండో సగం దగ్గర కాస్త ఆగుదాం. ‘వాళ్లు’ అంటే ఎవరు?

దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో బాలాపూర్ చుట్టుపక్కల కొన్ని వేలమంది రోహింగ్యాలు ఉంటున్నారు. ఖాళీ జాగాలకి అద్దె కట్టి, టార్పాలిన్ గుడిసెలు వేసుకుని, కూలికి పోయి, చెత్త ఏరి బతుకుతున్నారు. వాళ్లది బర్మాలోని అరకాన్ ప్రాంతం. ఇప్పుడు రఖైన్ అంటున్నారు. 1982 నాటి పౌరసత్వ చట్టం వాళ్లని పుట్టిన నేల మీదే పరాయివాళ్లని చేసింది. 2017 ఆగస్టులో సైన్యం ఊళ్లకి ఊళ్లు తగలబెట్టడం మొదలుపెడితే, 7 లక్షలమందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు.

ఇక్కడే మనకి ముల్లు గుచ్చుకుంటుంది. వాళ్లు ముస్లింలు. వాళ్లని తరిమిన దేశంలో ఎక్కువమంది బౌద్ధులు. చీవరం ధరించిన కొందరు భిక్ఖువులే వాళ్ల మీద ద్వేషం నూరిపోశారు. ఇది దాచుకునే విషయం కాదు. “మీ బౌద్ధుల దేశంలో ఇలా జరిగిందేం?” అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? “అది అసలు ధమ్మం కాదు” అంటాం. మాట నిజమే. కానీ “అంటరానితనం మా వేదాల్లో లేదు” అని చేతులు దులుపుకున్న పెద్దమనుషుల మాట మనం ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట మనకి ఎప్పుడైనా నీళ్లు పోసిందా?

బర్మా మనకి పరాయి దేశం కూడా కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌కి త్రిశరణ పంచశీలాలు ఇచ్చిన మహాస్థవిర చంద్రమణి పుట్టింది ఆ అరకాన్‌లోనే. అంతకు రెండేళ్ల ముందు, 1954 డిసెంబరులో, ప్రపంచ బౌద్ధుల సమావేశానికి బాబాసాహెబ్ రంగూన్ వెళ్లారు. ఆ దేశపు భిక్ఖువుల్లో ఇంకో రకంవాళ్లూ ఉన్నారు. 2007లో వేలమంది వీధుల్లోకి వచ్చి, భిక్షాపాత్రలు బోర్లించి, సైనిక పాలకుల దానం మాకొద్దన్నారు. పాత్ర బోర్లించడమంటే బౌద్ధుడికి అంతకు మించిన శిక్ష లేదు. పుణ్యం సంపాదించుకునే దారి మూసేసినట్టే.

సీహ సేనాపతి కథ మీలో కొందరు వినే ఉంటారు. మనలాగే మతం మారినవాడు. వైశాలిలో నిగంఠులకి పెద్ద దాత. బుద్ధుడి మాటలు విని ఉపాసకుడయ్యాడు. అప్పుడు బుద్ధుడు ఏమన్నాడు? ఇకనుంచి నా సంఘానికే పెట్టు అనలేదు. మీ ఇల్లు చాలాకాలంగా నిగంఠులకి నీళ్ల ఊటలా ఉంది, వాళ్లు గుమ్మంలోకి వస్తే భిక్ష ఆపొద్దు అన్నాడు. కొత్తగా వచ్చినవాడికి చెప్పిన తొలి మాటల్లో ఇదొకటి. మతం మారినంత మాత్రాన పెట్టే చెయ్యి ముడుచుకోకూడదన్న ఆ జాగ్రత్త చూడండి!

అంగుత్తర నికాయంలో సమయానికి ఇచ్చే దానాలు ఐదని ఉంది. మొదటిది ఆగంతుకుడికి, అంటే కొత్తగా వచ్చినవాడికి. తర్వాత ప్రయాణమై వెళ్లేవాడికి, రోగికి, కరువులో ఉన్నవాడికి. చివర, కొత్త పంటలో తొలి భాగం శీలవంతులకి. చూశారా, శీలవంతులకంటే ముందు ఊరుకాని ఊరొచ్చినవాడు ఉన్నాడు. అతని మతమేంటని అక్కడ అడగలేదు.

‘బుద్ధుడూ అతని ధమ్మమూ’లో బాబాసాహెబ్ చెప్పింది గుర్తు చేసుకోండి. శాక్యులకీ కోలియులకీ రోహిణీ నది నీళ్ల కోసం తగువొచ్చింది. యుద్ధం వద్దన్నాడు సిద్ధార్థుడు. శాక్య సంఘం వినలేదు. పైగా శిక్ష వేస్తామంది. చివరికి దేశం విడిచిపోయాడు. మనం శరణు కోరిన ఆయన, యుద్ధం కారణంగా ఇల్లు వదిలినవాడే.

మన సంగతి వేరే చెప్పాలా? 1985లో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరారు. మళ్లీ ఆ ఊళ్లో బతకడానికి వెళ్లలేదు. 1991లో చుండూరు మాలలు తెనాలి బాట పట్టారు. ఆ శిబిరాల్లో వండిన బియ్యం అంతా మాలమాదిగలే పంపిందా? అంతా బౌద్ధులే పంపిందా? కట్టుబట్టలతో వచ్చినవాణ్ణి “నువ్వెవరు?” అని అడిగే ప్రశ్నలో ఏం దాగి ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు?

ప్రభుత్వం వాళ్లని అక్రమ వలసదారులంటోంది, మనకెందుకీ గొడవ అని కొందరు భయపడతారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. ఆ భయం ఉత్తదేం కాదు. ఉండాలో పోవాలో కోర్టులూ ప్రభుత్వమూ తేలుస్తాయి. తేలేలోపు పసిబిడ్డకి జ్వరం వస్తుంది కదా. 2021లో బర్మా సైన్యం మళ్లీ అధికారం లాక్కున్నాక చిన్ ప్రజలు మిజోరం వచ్చారు. వాళ్లని రానివ్వొద్దని కేంద్రం చెప్పినా మిజోలు వినలేదు. చర్చిలు, ఊరి యువజన సంఘాలు కలిసి బియ్యం, దుప్పట్లు పోగుచేశాయి. ఇప్పుడు బర్మా లోపలే 30 లక్షలమందికి పైగా ఇళ్లు వదిలారు. వాళ్లలో బౌద్ధులూ ఎంతోమంది.

మన పిల్లల ఫీజుకి దాచింది తీసి ఇమ్మనడం లేదు. వైశాఖ పున్నమికి, అక్టోబరు 14కి మనం పెట్టే ఖర్చులో ఒక పాలు చాలు. ఫ్లెక్సీల ఖర్చు తగ్గించినా చాలు. సత్పురుషుడి దానం ఎలా ఉండాలో కూడా సుత్తాల్లో ఉంది: గౌరవంతో, సొంత చేత్తో, పారేసే వస్తువు కానిది ఇవ్వాలి. కాబట్టి చిరిగిన చీరల మూటలు కట్టకండి. ముందు ఒకరిద్దరు వెళ్లి ఏం కావాలో అడగండి. ఆడవాళ్లతో మాట్లాడటానికి మన ఉపాసికలు కూడా వెళ్లాలి. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయకండి. ఊళ్లో మిగిలిపోయిన వాళ్లవాళ్లకి ఆ ఫోటోల వల్ల ప్రమాదం రావచ్చు. టార్పాలిన్లు అడిగితే మాత్రం ఆషాఢ పున్నమిదాకా ఆగొద్దు, వానలు అంతకుముందే మొదలవుతాయి.